అప్పజెప్పితే వచ్చినట్టేనా?

సాయంత్రం పూట ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో పిల్లల నోటుబుక్కు... మనలో చాలామందికి ఇది రోజూ ఉండే పనే! ఒక్క మాట పొల్లుపోకుండా గడగడా అప్పజెప్పేస్తే 'అమ్మయ్య, వచ్చేసింది' అనుకుంటాం. ఈసారి మధ్యలో ఆపి, "అంటే ఏంటమ్మా?" అని అడిగి చూడండి. చాలామంది పిల్లలు మళ్లీ మొదటి నుంచి అందుకుంటారే తప్ప అర్థం చెప్పరు.

మన నల్గొండ నీళ్ల సంగతే చూడండి. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మునుగోడు, మర్రిగూడ వైపు బోరునీళ్లలో అంతకు మించి ఉండి ఎందరి పళ్లు గారపట్టాయో, ఎందరి కాళ్లు వంకరపోయాయో మీకు చెప్పక్కర్లేదు. నాగపూర్‌లోని 'నీరి' శాస్త్రజ్ఞులు 1970లలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి కనిపెట్టి, దానికి మన ఊరి పేరే పెట్టారు - నల్గొండ టెక్నిక్. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలుపుతారు. పటికతో ఏర్పడే మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. పైన తేటనీళ్లే వాడుకోవాలి.

ఈ మూడు పేర్లూ బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్న పిల్లను, "మరి అడుగున మడ్డి ఏం చెయ్యాలి? నాయనమ్మ మోకాళ్లు అట్లా ఎందుకయ్యాయి?" అని అడగండి. గైడులో ఆ ప్రశ్న ఉండదు కదా! మిషన్ భగీరథ నల్లాలు వచ్చాక పెరిగే పిల్లలకైతే, ఇంట్లో పెద్దవాళ్లు చెబితేనే ఇది తెలుస్తుంది.

బతుకమ్మ వ్యాసమూ అంతే. తంగేడు, గునుగు తానే ఏరుకొచ్చి, రంగులద్ది, వరసలు పేర్చిన పిల్ల కూడా పరీక్షలో గైడులోని నాలుగు వాక్యాలే రాస్తుంది. తరగతి మొత్తానిదీ ఒకే వ్యాసం! సొంతంగా రాస్తే మార్కులు పోతాయని భయం. ఆ భయం పిల్లలదే కాదు, మనదీ.

ఎక్కాలు, పద్యాలు నోటికి రావద్దని కాదు సుమండీ. ఎక్కాలు రానిదే కొట్టులో చిల్లర లెక్క కూడా తేలదు. కానీ సైన్సు పాఠాన్ని పద్యంలా వల్లిస్తే ఎట్లా? 'కఠిన జలం' చదువుతుంటే వంటింట్లోకి పిలవండి. బోరునీళ్లలో కందిపప్పు ఎందుకు ఉడకదు, సబ్బు ఎందుకు నురగ రాదు అని అడగండి. తప్పు చెప్పినా కసరకండి, ఆలోచించనివ్వండి.

బట్టీ చదువు మాన్పించాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళికే చెప్పింది. మన దగ్గర 2014-15లో పదో తరగతికి 80 మార్కులు రాతపరీక్షకు, 20 మార్కులు బడిలో చేసే ప్రాజెక్టుల వంటివాటికి పెట్టారు. మంచి ఆలోచనే! తీరా ఆ ప్రాజెక్టులు కొన్ని ఇళ్లలో అర్ధరాత్రి దాకా కూచుని రాసేది అమ్మలే అయ్యారు.

పిల్ల సొంత మాటల్లో సరైన జవాబు రాసినా మార్కులు తగ్గితే, నోటుబుక్కు పట్టుకుని బడికి వెళ్లి మర్యాదగానే అడగండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో సగం మంది ఆడవాళ్లే ఉండాలి. మీ ఊరి బడి కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. ఈసారి మీటింగుకు మీరూ వెళ్లండి.