చెట్ల బోదెలపై వల నల్లు బెరడుపేలు

వానలు కురిసి గాలియందు తేమ హెచ్చిన దినములలో ఉష్ణదేశపు తోటలందలి కొన్నిచెట్లు, బోదె మొదలుకొని కొమ్మలవఱకు, పలుచని తెల్లని వలచే కప్పబడియుండును. దానిని చూచి చెట్టునకు తెగులు సోకినదని భయపడి బెరడును కత్తితో గీకుటయు, కాగడాతో కాల్చుటయు, కిరసననూనె పూయుటయు కలదు. ఇందువలన చెట్టునకు గాయమగును. ఆ గాయమునుండియే తెగుళ్లును, తొలుచుపురుగులును లోనికి ప్రవేశించును. కావున వల నల్లినది ఏ పురుగో ముందుగా గుర్తింపవలెను.

ఇట్టి వల నల్లు వానిలో ఆర్కిప్సోసిడే యను కుటుంబమునకు చెందిన బెరడుపేలు ముఖ్యమైనవి. అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమున పెద్దచెట్లను కప్పివేయు ఆర్కిప్సోకస్ నోమస్ ఈ కుటుంబములోనిదే. దానిని 1939లో గర్నీ యను కీటకశాస్త్రజ్ఞుడు వర్ణించెను. పేలు అను పేరున్నను ఇవి నెత్తురు త్రాగవు, ఆకులను కాయలను ముట్టవు, బెరడును తొలువవు. బెరడుపై పెరుగు బూజు, పాచి, ఎండిన పొట్టు మొదలగునవియే వీని యాహారము.

గుర్తించు విధము

1. పురుగు మిక్కిలి చిన్నది. అంగుళములో 10వ వంతునకు మించదు. శరీరము మెత్తన.

2. తల పెద్దది, నుదురు ఉబ్బియుండును. మీసములు దారమువలె సన్ననివి, పొడవైనవి.

3. రెక్కలపై సన్నని నూగు ఉండును. మగవాని రెక్కలు సాధారణముగా పొట్టివి. పిల్లపురుగులు రెక్కలులేక పెద్దవానినే పోలియుండును.

4. ఇవి మందలుగా వల క్రింద నివసించును. వలను వ్రేలితో చింపినచో నలుదెసలకు పరుగిడును.

భ్రమపడకుండుటకు

మామిడి, జామ చెట్ల బెరడును తినునట్టి గొంగళిపురుగు కూడ వల నల్లును. కాని దాని వల శుభ్రముగా నుండదు; పురుగు పెంటయు, కొఱికిన బెరడు పొడియు కలిసి గోధుమరంగు పట్టీవలె నుండును. దానిని తొలగించినచో క్రింద తినివేసిన బెరడును, సమీపమున బోదెలోనికి రంధ్రమును కానవచ్చును. పగలు పురుగు ఆ రంధ్రమున దాగియుండి రాత్రివేళ బెరడును తినును. ఇది చెట్టునకు హానికరము. పట్టీని తుడిచివేసి, రంధ్రములోనికి ఇనుపతీగె దూర్చి పురుగును చంపి, రంధ్రమును బంకమట్టితో మూయవలెను.

చెదలు వల నల్లవు. మట్టితో కప్పు కట్టును.

వల తెల్లగను శుభ్రముగను ఉండి, దానిక్రింద బెరడు చెక్కుచెదరక, రంధ్రమేదియు లేనిచో అది బెరడుపేల పనియే. అట్టి చెట్టునకు మందు చల్లుట ధనవ్యయమే కాని లాభము లేదు. వల కొంతకాలమునకు తానై చెదరిపోవును. చూపునకు బాగుండనిచో చీపురుతో తుడిచినను, నీటితో కడిగినను చాలును. కత్తిని, నిప్పును మాత్రము చెట్టు దరికి చేర్పరాదు.