వేలెడు సందు చాలు, కట్లపాముకు!

నల్లరేగడిలో కట్టిన ఇంటి తలుపు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. రోహిణి కార్తెలో గడపకూ తలుపుకూ మధ్య వేలు దూరుతుంది. శ్రావణం వచ్చేసరికి అదే తలుపు మూయాలంటే భుజం ఆనించి నెట్టవలసి వస్తుంది. పర్చూరు, పెదనందిపాడు, ప్రత్తిపాడు, చిలకలూరిపేట ప్రాంతాల పత్తి, మిరప గ్రామాల్లో ఇది కొత్త సంగతి కాదు. అందరూ వడ్రంగిని తిడతారు గాని, తప్పు చాలావరకు నేలది.

ఈ నేలలోని బంక నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో చేలల్లో కాలు దిగబడేంత బీటలు పడేది అందుకే. అదే కదలిక ఇంటి పునాది కిందా జరుగుతుంది. పునాది లోతు తక్కువైతే గోడ ఒక పక్క లేచి, మరో పక్క కుంగుతుంది. ద్వారబంధం వంకరపోతుంది. దానికీ గోడకూ మధ్య పూసిన సిమెంటు పెచ్చులుగా రాలుతుంది.

ఆ సందుల్లోంచి వచ్చేది వడగాలి, దుమ్ము, మిరప కల్లాల ఘాటు మాత్రమే అయితే ఓర్చుకోవచ్చు. తేళ్లు, జెర్రులు కూడా వస్తాయి. ధర కోసం పత్తిని ఇంట్లోనే పోసుకున్న వారికి గింజల కోసం ఎలుకల బెడద, ఎలుకల వెంట పాముల బెడద. పెన్సిల్ దూరే సందు చిట్టెలుకకు చాలు. పిల్ల కట్లపాము చిటికెన వేలి లావు కూడా ఉండదు.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్న వారిని నిద్రలోనే కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలైతే అజీర్ణమనుకుని వాము నమిలించి ఊరుకున్న ఇళ్లలో ప్రాణాలు పోయాయి. దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. వాటిలో సుమారు 70 శాతం ఎనిమిది రాష్ట్రాలవే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం వాటిలో ఒకటి. సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే.

2018 వానాకాలంలో పొరుగున దివిసీమలో పాముకాట్లు పెరిగినప్పుడు మోపిదేవిలో సర్పశాంతి యాగం జరిపించారు. ఎవరి నమ్మకం వారిది. తలుపు కింది సందు మాత్రం మనిషి చేత్తో మూయవలసిందే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. వానల్లో తలుపు పట్టేస్తే వెంటనే వడ్రంగిని పిలిచి అంచుకు చిత్రిక పట్టిస్తారు. తేమకు చెక్క కూడా ఉబ్బి ఉంటుంది. ఎండలు రాగానే చెక్క తగ్గుతుంది, నేలా తగ్గుతుంది, చెక్కేసిన మేర సందు మిగిలిపోతుంది. మరీ మూతపడకపోతే తప్ప వానాకాలంలో చిత్రిక పట్టించకపోవడమే మేలు. సందు కొలవవలసింది అది బాగా తెరుచుకునే చైత్ర, వైశాఖాల్లో. పని ముగించవలసింది తొలకరికి ముందు.

తలుపు అడుగున చెక్క ముక్క బిగిస్తే వానల్లో మళ్లీ పట్టేస్తుంది. వంగే వస్తువు కావాలి. పాత లారీ ట్యూబును నాలుగు అంగుళాల పట్టీగా కోసి, లోపలి వైపు తలుపు అడుగున పెట్టి, పైన సన్నని బద్దె వేసి మేకులు కొడితే సరిపోతుంది. పట్టీ అంచు నేలను రాసుకుంటూ ఉండాలి. ఎలుకలు కొరికే చోట బయటి వైపు రేకు కొట్టించాలి. రెండు రెక్కల తలుపయితే నడిమి సందు మీద ఒక రెక్కకు నిలువు బద్దె వేయాలి.

ద్వారబంధం పక్క సందులో ఉత్త సిమెంటు కూరితే మరుసటి ఏటికే విడిపోతుంది. ముందు నార దట్టించి, పైన సున్నం గచ్చు పూస్తే కొంత కదలికను తట్టుకుంటుంది. అయినా ఏటా ఒకసారి చూసుకోక తప్పదు. పాతకాలం వారు పండుగ ముందు పేడమట్టితో అలికినప్పుడు ఈ పనీ జరిగిపోయేది. పసుపు రాసే గడప కూడా ఒక అడ్డే. టైల్సు పరిచిన కొత్త ఇళ్లలో పెరటి తలుపుకు గడపే ఉండడం లేదు. చీపురు సాఫీగా పోతుంది, పామూ సాఫీగా వస్తుంది.

ట్యూబు దొరికేదాకా ఇసుక నింపిన గోనె చుట్టను రాత్రి తలుపు వార పెట్టవచ్చు. దాని కింద తేలు చేరవచ్చు కనుక ఉదయం కర్రతో కదిపి తీయాలి. స్నానాల గది తూముకు జాలీ బిగించాలి. కట్టెల పొయ్యి ఉన్న గది గవాక్షాన్ని మాత్రం మూసివేయకుండా జాలీ కొట్టించాలి, లేకుంటే పొగ లోపలే నిలుస్తుంది.

కొత్తగా ఇల్లు కట్టేవారు పునాదిని రేగడి పొర దాటించి గట్టి నేల మీదికి దించడం మంచిది. రేగడి మరీ లోతుగా ఉంటే, అడుగున గంటలా వెడల్పయ్యే కాంక్రీటు స్తంభాల పద్ధతి ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దీన్ని ఇలాంటి నేలల కోసమే వాడుకలోకి తెచ్చింది.

సందులు పూడ్చినా మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోవడం మానరాదు. కాటు పడిందన్న అనుమానం వస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయకుండా, ఆ మనిషిని నడిపించకుండా 108 పిలిచి విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

సందు ఎంత ఉందో తెలుసుకోవడానికి కొలబద్ద అక్కరలేదు. రాత్రి లోపల దీపం పెట్టి, తలుపు మూసి, వాకిట్లో కూర్చుని చూస్తే వెలుగు ఎక్కడెక్కడ బయటికి వస్తున్నదో కనిపిస్తుంది.