చిన్న వేదికపై సన్నాయి మేళం

మన శ్రోతలకు సన్నాయి మేళం కొత్తది కాదు. రేడియోలో ప్రాతఃప్రసారాన మంగళవాద్యం వింటూనే ఉన్నాము. మాంగల్యధారణ వేళ గట్టిమేళం మ్రోగనిదే పెండ్లి జరిగినట్లు మనకు తోచదు. అయినా ఒక ప్రశ్న. ఈ మేళాన్ని ఎదుట కూర్చుండి, ఆద్యంతం విన్నవారు మనలో ఎందరు? సన్నాయి మ్రోగుతున్నంతసేపూ మనం అక్షతల కొరకో, అతిథుల కొరకో తిరుగుతూ ఉంటాము.

త్యాగరాజస్వామి 1847 జనవరి 6న సిద్ధి పొందిన పుష్య బహుళ పంచమినాడు తెలుగునాట అనేక పట్టణాలలో ఆరాధనోత్సవాలు జరుగుతాయి. అటువంటి ఒక ఉత్సవానికి ప్రకాశం జిల్లా గ్రామం నుండి ఒక మేళం వచ్చినది. ప్రతి యేడూ ముఖద్వారం వద్ద నిలబడి వాయించే ఆ మేళానికి ఈసారి నిర్వాహకులు పెద్ద పందిరి ప్రక్కనున్న చిన్న వేదికను, అరగంట కాలాన్ని కేటాయించారు. మైకు అమరికకు సలహా చెప్పుటకై నన్ను పిలిచారు. వేదిక ముందు అరవై కుర్చీలు. రెండు సన్నాయిలు, రెండు డోళ్లు, తాళం.

చిక్కు అంతా సామీప్యంలోనే ఉన్నది. సన్నాయి ఆరుబయట వినిపించుటకు పుట్టిన వాద్యం. రెండున్నర అడుగుల కొయ్యగొట్టం క్రిందికి పోను పోను వెడల్పవుతుంది. చివర గరాటువంటి కొస. వాయించే రంధ్రాలు ఏడు. మీటలు లేవు. గమకాన్నంతటినీ ఊపిరి ఒత్తిడితో, పెదవుల పట్టుతో, సగం మూసిన రంధ్రంతో సాధించవలసినదే. డోలుకు ఒకవైపు పుల్ల, మరొకవైపు గట్టి తొడుగులు వేసుకొన్న వ్రేళ్ళు. రథవీథి ఆ చివర ఉన్నవారికి సైతం వినిపించవలసిన ఈ వాద్యాలను ఎనిమిది అడుగుల దూరంలోని శ్రోతకు వినిపించడమెట్లు?

మధ్యాహ్నం పరీక్షించి చూసినప్పుడు మైకులవారు సన్నాయి కొసకు ఎదురుగా ఒకటి, డోళ్లకు చెరియొకటి పెట్టారు. చెవులు మూసుకోవలసి వచ్చినది. “డోలు మెల్లగా వాయించమనండి” అన్నారు నిర్వాహకులలో ఒకరు. పెద్ద డోలు విద్వాంసుడు నా వైపు తిరిగి, “అయ్యగారూ, మెల్లగా వాయించగలను. కాని అప్పుడు ఇది డోలు కాదు, మరేదో అవుతుంది” అన్నాడు. ఆ మాట న్యాయమైనది. దెబ్బలో బిగువు లేకపోతే డోలుకు పలుకు లేదు.

డోళ్ల ముందరి మైకులను తీసివేయించాము. డోళ్లను రెండడుగులు వెనుకకు జరిపాము. సన్నాయికి ఒకే మైకును నాలుగడుగుల దూరాన, కొంచెం ప్రక్కగా పెట్టాము. కారణం చెబుతాను. సన్నాయి నాదమంతా కొసనుండే వస్తుందనుకోవడం పొరపాటు. తెరచి ఉన్న రంధ్రాల నుండి కూడా వెలువడుతుంది. మైకు కొస ఎదుటనే ఉంటే తీక్ష్ణమైన ధ్వనే హెచ్చుగా పడుతుంది. కొంత దూరాన, ప్రక్కగా ఉంటే రెండూ కలిసి నిండుగా వినిపిస్తుంది. ఇంత చిన్న చోట డోలుకు మైకుతో పనే లేదు.

రెండవ చిక్కు కాలం. ఊరేగింపులో ఒక రాగాన్ని గంటసేపు విస్తరింపవచ్చు. ఇక్కడ వర్ణం, ఖరహరప్రియలో ఆలాపన, కృతి, తని ఆవర్తనం అన్నీ అరగంటలో ముగియాలి. ఆలాపన నడుమ మూడవ చిక్కు వచ్చినది. ప్రక్కనే తిరుగుతున్న పంకా గాలికి రెండవ సన్నాయి పీక ఎండిపోయి, పైస్థాయిలో స్వరం చీలినది. ఆ వాయించే యువకుడు పెద్ద సన్నాయి విద్వాంసుని కుమారుడే. వాద్యానికి వ్రేలాడే పీకలలో ఒకదానిని తీసి, నోట తడిపి బిగించుకొనేవరకు తండ్రి ఆ స్వరాన్ని ఒక్కడే నిలిపాడు. వీథిలో ఎవరికీ తెలియని ఆ లోపం ఇక్కడ అందరికీ తెలిసినది. అట్లే వీథిలో ఎవరికీ అందని సన్నని గమకం సైతం ఇక్కడ అందరికీ అందినది.

ఇంతలో పెద్ద పందిట్లో ప్రసిద్ధ గాయకుని కచేరి ఆరంభమైనది. ఇరవైమంది లేచి వెళ్ళారు. మిగిలినవారు తని ఆవర్తనం ముగిసేదాకా కదలలేదు.

మేళానికి కచేరీ గౌరవం నిన్న మొన్న పుట్టినది కాదు. హెచ్చు శ్రుతిలో పలికే పొట్టి సన్నాయికి బదులు తగ్గు శ్రుతిలో పలికే పొడవైన ‘బారి’ సన్నాయిని తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై (1898–1956) ప్రచారంలోనికి తెచ్చారు. కూర్చుండి వినేవారి చెవికి ఆ నాదం ఇంపైనది. మన కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా (1924–1999) శ్రీరంగంలో స్థిరపడి, తంజావూరు బాణీని పండితులు మెచ్చేటట్లు పలికించారు. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. అయినా మన గ్రామాల మేళాలలో అధికభాగం ఇంకా ద్వారం వద్దనే నిలబడి ఉన్నవి.

కార్యక్రమం ముగిసిన పిదప, జనం లేచి వెళ్ళినందుకు నొచ్చుకొన్నారేమోనని పెద్ద సన్నాయి విద్వాంసుని పలుకరించాను. ఆయన నవ్వి, “నలభై యేండ్లుగా వాయిస్తున్నాను. మేము వాయిస్తుంటే లేచి వెళ్ళినవారిని ఈనాడే చూశాను. ఇంతకుముందు కూర్చుంటే గదా, లేవడానికి!” అన్నాడు.

ఉత్సవ నిర్వాహకులకు ఇందులో పెద్ద వ్యయమేమీ లేదు. ఒక చిన్న వేదిక, ఒకే మైకు, పంకా లేని మూల, అరగంట కాలం చాలును. ఇక శ్రోతల వంతు. ఈసారి రేడియోలో మంగళవాద్యం వచ్చినప్పుడు చేతిలోని పని ఐదు నిమిషాలు ప్రక్కకు పెట్టి, కూర్చుండి వినండి.