గుడి నీళ్ళు, తీరం నీళ్ళు

పెళ్ళయిన కొత్తలో మీరిద్దరూ కలిసి మొదట ఎక్కడికి వెళ్ళారు? ఈ ప్రశ్న మీ ఇంట్లో అమ్మమ్మనో, నాయనమ్మనో అడిగి చూడండి. అన్నవరం వెళ్ళి సత్యనారాయణ వ్రతం చేసుకున్నామనో, తిరుపతి వెళ్ళి వచ్చామనో చెబుతారు. వెంట అత్తగారు, ఆడపడుచు, ఇద్దరు ముగ్గురు పిల్లలు కూడా వచ్చారని నవ్వుతూ చెప్పినా ఆశ్చర్యం లేదు. ఇప్పుడు కొత్త దంపతులు ఇద్దరే వెళ్తున్నారు. దానిని హనీమూన్ అంటున్నాం. స్తోమత ఉన్నవారు విమానం ఎక్కి కంబోడియా, థాయిలాండ్, ఇండోనేషియా దేశాల దాకా వెళ్తున్నారు. ఆ ప్రయాణాల ప్రకటనలు మీరు చూసే ఉంటారు. ఒకవైపు పాత రాతి గుడి, మరోవైపు నీలి సముద్రం, మధ్యలో చేయి చేయి పట్టుకున్న జంట.

ఈ పాఠంలో మనం అటువంటి ఒక జంట వెంట వెళదాం. జంట మన ఊహలోనిది. వారు చూసే చోట్లు మాత్రం నిజమైనవి. ప్రకటనలో గుడి బొమ్మ వేరు, సముద్రం బొమ్మ వేరు. అక్కడికి వెళ్ళి కొంచెం నిలబడి చూస్తే ఆ రెండింటినీ కలిపే వస్తువు ఒకటి కనబడుతుంది. అది మంచినీరు. ఆసియా పటం ఒకటి దగ్గర పెట్టుకుని చదవండి. బంగాళాఖాతానికి తూర్పున ఉన్న దేశాలను వేలితో గుర్తిస్తూ ముందుకు సాగితే పాఠం తేలికవుతుంది.

1. ఇసుక మీద నిలిచిన గుడి

మన జంట మొదట కంబోడియాలోని సియెం రీప్ పట్టణంలో దిగారు. 2023 అక్టోబరులో ప్రారంభమైన కొత్త విమానాశ్రయం గుళ్ళకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. పాత విమానాశ్రయం గుళ్ళకు బాగా దగ్గర. విమానాల అదురు పాత రాళ్ళకు మంచిది కాదన్న ఆలోచన కూడా ఈ మార్పు వెనుక ఉంది.

ఇక్కడి గుళ్ళన్నిటిలోకీ పెద్దది ఆంగ్‌కోర్ వాట్. 12వ శతాబ్దం మొదటి సగంలో రెండవ సూర్యవర్మ అనే ఖ్మేర్ రాజు దీనిని విష్ణువు కోసం కట్టించాడు. తరువాతి కాలంలో ఇది బౌద్ధుల ఆరాధనా స్థలమైంది. నేటికీ అక్కడ కాషాయవస్త్రాలు కట్టుకున్న భిక్షువులు కనిపిస్తారు. నడిమి గోపురం ఎత్తు సుమారు 65 మీటర్లు. గుడి పడమర ముఖంగా ఉంటుంది కాబట్టి సూర్యుడు గోపురాల వెనుకనుంచి ఉదయిస్తాడు. ఆ ఫోటో కోసమే జనం తెల్లవారకముందే వచ్చి కూర్చుంటారు. ఒక రోజు టిక్కెట్టు 37 డాలర్లు, మూడు రోజులకు 62 డాలర్లు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి.

తూర్పు వైపు వసారాలో క్షీరసాగర మథనం శిల్పం ఉంది. పొడవు దాదాపు 49 మీటర్లు. వాసుకిని పట్టుకుని ఒకవైపు 92 మంది అసురులు, మరోవైపు 88 మంది దేవతలు లాగుతుంటారు. పడమటి వసారాలో ఒక భాగంలో కురుక్షేత్రం, మరో భాగంలో లంకా యుద్ధం ఉన్నాయి. కథ మనకు తెలుసు కాబట్టి ఇవన్నీ మనవాళ్ళు వెళ్ళి చెక్కినవే అనుకోవడం తేలిక. ఆ పొరపాటు చేయకండి. కథలు, లిపి, దేవుళ్ళ పేర్లు దక్షిణ భారతం నుంచి సముద్రం మీదుగా అక్కడికి చేరిన మాట నిజమే. ఖ్మేర్ లిపికి మూలం పల్లవుల లిపి. మన తెలుగు లిపికి అది దాయాది. కానీ గుడిని తలచిన రాజు, రాయి మోసిన కూలి, ఉలి పట్టిన శిల్పి ఆ నేల మనుషులు. ఆ యుద్ధ దృశ్యాలలోని సైనికుల ముఖాలు చూసినా ఆ సంగతి తెలుస్తుంది.

ఇప్పుడు గుడి చుట్టూ ఉన్న కందకం చూడండి. వెడల్పు సుమారు 190 మీటర్లు, చుట్టుకొలత 5 కిలోమీటర్లకు పైగా. అది అందం కోసం, రక్షణ కోసం అని చాలామంది అనుకుంటారు. దానికి మరొక పని కూడా ఉంది. చిన్నప్పుడు మీరు ఇసుకలో పాదం పెట్టి పిచ్చుక గూళ్ళు కట్టే ఉంటారు. పొడి ఇసుకతో గూడు నిలిచిందా? తడి ఇసుక అయితేనే నిలుస్తుంది. ఆంగ్‌కోర్ వాట్ ఇంత బరువుతోనూ ఇసుక నింపిన పునాది మీద నిలబడి ఉంది. భూమిలోని నీరు ఆ ఇసుకను తడిగా, గట్టిగా ఉంచుతుంది. కందకంలో నీరు ఉన్నంతకాలం చుట్టుపక్కల భూగర్భజలం మరీ కిందికి దిగదు. ములుగు జిల్లా పాలంపేటలో 1213లో కట్టిన రామప్ప గుడి కూడా ఇసుక పునాది మీదనే ఉందని, దాని పక్కనే పెద్ద చెరువు ఉందని మీలో కొందరికి తెలిసి ఉంటుంది.

ఖ్మేర్ రాజులు గుడితోపాటు చెరువు కూడా తవ్వించేవారు. పశ్చిమ బరాయ్ అనే జలాశయం పొడవు 8 కిలోమీటర్లు, వెడల్పు 2 కిలోమీటర్లకు పైగా. 11వ శతాబ్దపు ఆ చెరువులో నేటికీ నీళ్ళు ఉన్నాయి. ఏడవ జయవర్మ తవ్వించిన మరొక దాని పేరు జయతటాకం. తటాకం అన్న మాటకు మీకు అర్థం చెప్పనక్కరలేదు. చాలాకాలం ఎండిపోయి ఉన్న దానికి మళ్ళీ నీరు మళ్ళించారు. ఎగువన కులేన్ కొండల్లో ఏటి అడుగున ఉన్న రాతి మీద వందలాది శివలింగాలు చెక్కారు. వాటి మీదుగా పారిన నీరు పవిత్రమవుతుందని, అదే దిగువకు చేరుతుందని నమ్మకం. అక్కడ వానలు దాదాపు మే నుంచి అక్టోబరు వరకే. మిగిలిన నెలలకు నీరు నిలవ చేసుకోకపోతే అంతటి నగరం బతకదు.

చివరకు ఆ నగరం దెబ్బతిన్నది కూడా నీటి వల్లనే అని నేటి పరిశోధకులు చాలామంది అంటున్నారు. వియత్నాం కొండల్లోని ముసలి చెట్ల వలయాలను లెక్కించి, 14, 15 శతాబ్దాలలో ఏళ్ళ తరబడి కరవులు, వాటి మధ్య విపరీతమైన వానలు వచ్చాయని 2010లో ప్రకటించారు. కరవుకు చెరువులు ఎండాయి. ఆ తరువాత ఒక్కసారిగా వచ్చిన వరద కాలువలను తెంపింది. 1431లో థాయ్ రాజ్యమైన అయుత్తయ సేనలు నగరాన్ని పట్టుకున్నాయి. శత్రువు రాకముందే కాలువలు ఓడిపోయాయని చెప్పవచ్చు.

మన జంట సాయంత్రం హోటలుకు చేరి స్నానానికి పంపు తిప్పారు. ఆ నీరు ఎక్కడిది? 2018లో సుమారు 26 లక్షల మంది విదేశీయులు ఆంగ్‌కోర్ టిక్కెట్లు కొన్నారు. ఇందరి స్నానాలకు, ఈత కొలనులకు, దుప్పట్లు ఉతకడానికి పట్టణంలోని హోటళ్ళు ఎన్నో ఏళ్ళు బోర్ల మీదనే ఆధారపడ్డాయి. బోరు ఎక్కువ తోడితే భూగర్భజలం దిగుతుంది. జలం దిగితే ఇసుక పొడిబారుతుంది. గుడిని చూడటానికి వచ్చినవారి స్నానపు నీళ్ళే గుడి పునాదికి ముప్పు కావచ్చునన్నమాట. అందుకే తొన్లే సాప్ సరస్సు నీటిని శుద్ధి చేసి పట్టణానికి తెచ్చే పనిని జపాన్ సహాయంతో చేపట్టారు.

భారత పురావస్తు శాఖ 1986 నుంచి 1993 వరకు ఆంగ్‌కోర్ వాట్ మరమ్మతు పనులు చేసింది. చెట్ల వేళ్ళు గోడలను పెనవేసుకున్న తా ప్రోమ్ గుడిలోనూ తరువాత పనిచేసింది. ఆంగ్‌కోర్ వాట్‌లో రాతిని శుభ్రం చేయడానికి వాడిన పద్ధతిపై విమర్శలు కూడా వచ్చాయి. మనవారు చేసిన పని కాబట్టి ఆ సంగతి దాచనవసరం లేదు.

ఆగి ఆలోచించండి: మీ ఊళ్ళో గుడికి ఆనుకుని కోనేరో, చెరువో ఉందా? ఇప్పుడు దానిలో నీరు ఉందా? లేకపోతే ఎప్పటినుంచి లేదు?

2. మూడున్నర ఏళ్ళు మూసిన తీరం

సియెం రీప్ నుంచి మన జంట బ్యాంకాక్ మీదుగా దక్షిణ థాయిలాండ్‌లోని ఫుకెట్ చేరి, అక్కడినుంచి పడవలో ఫి ఫి దీవులకు వెళ్ళారు. అక్కడ మాయా బే అనే చిన్న తీరం ఉంది. 2000లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాతో దానికి ప్రపంచమంతటా పేరు వచ్చింది. ఆ తరువాత రోజుకు 5000 మంది దాకా వచ్చేవారు. పడవల లంగర్లు తగిలి పగడపు దిబ్బలు విరిగాయి. 2018 జూన్‌లో ప్రభుత్వం తీరాన్ని మూసివేసింది. 2022 జనవరిలో తిరిగి తెరిచేసరికి చిన్న జాతి సొరచేపలు మళ్ళీ ఒడ్డుకు రావడం మొదలుపెట్టాయి. ఇప్పుడు పడవలు దీవి వెనుక ఆగుతాయి. తీరంలో ఈదకూడదు. ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మూస్తారు. పగడాలకు హాని చేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్ క్రీములను థాయ్ సముద్ర జాతీయ ఉద్యానాలలో 2021లో నిషేధించారు. ఈత కొట్టాలని వచ్చిన పెళ్ళికొడుకు కొంచెం చిన్నబుచ్చుకున్నాడనుకోండి. ఏం చేస్తాం!

3. తీర్థం ఇచ్చే దీవి

ప్రయాణంలో చివరిది ఇండోనేషియాలోని బాలి దీవి. దేశంలో అత్యధికులు ముస్లింలు. బాలిలో మాత్రం హిందువులు ఎక్కువ. వారి మతం మన ఇంటి మతంలా ఉంటుందని అనుకుని వెళ్తే కొన్ని పోలికలు, ఎన్నో తేడాలు కనబడతాయి. వారి మతానికి ఆగమ తీర్థ అనే పేరు కూడా ఉంది. తీర్థమంటే అక్కడా పవిత్ర జలమే. పూజారి తీర్థం చల్లుతాడు, చేతిలో పోస్తాడు, తరువాత తడి బియ్యపు గింజలు నుదుట అద్దుకుంటారు. తంపక్‌సిరింగ్ అనే చోట తీర్థ ఎంపుల్ గుడిలో భూమినుంచి ఊట ఉబికి వస్తుంటుంది. అది 10వ శతాబ్దం నాటిది. భక్తులు ధారల కింద వరసగా నిలబడి తల తడుపుకుంటారు. అదే నీరు దిగువన వరిపొలాలకు పారుతుంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. మీలో వ్యవసాయం చేసేవారు దీనిని జాగ్రత్తగా చదవండి. బాలిలో ఒకే కాలువ కింద సాగు చేసే రైతులంతా ఒక సంఘంగా ఉంటారు. దానిని సుబక్ అంటారు. ఇవి సుమారు 1200 ఉన్నాయి. ఎవరి పొలానికి ఎప్పుడు నీరు, ఎవరు ఎప్పుడు నాటాలి అన్నది సుబక్‌లో నిర్ణయమవుతుంది. కాలువ పొడవునా ఉన్న సుబక్‌లకు ఉమ్మడిగా జలదేవాలయాలు ఉంటాయి. ఎగువ గుడి దగ్గర సమావేశమై నాట్ల వరుస కుదుర్చుకుంటారు.

దీని వెనుక లెక్క ఏమిటి? అందరూ ఒకేసారి నాటితే నీరు చాలదు. ఎవరికి తోచినప్పుడు వారు నాటితే ఒక పొలంలో కోత అయ్యేసరికి పురుగు పక్క పొలంలోకి పోతుంది. దానికి ఏడాదంతా తిండి దొరుకుతుంది. కొన్ని సుబక్‌లు కలిసి ఒకేసారి నాటి, ఒకేసారి కోసి, ఒకేసారి పొలాలు ఖాళీగా వదిలితే పురుగు తిండి లేక చస్తుంది. మిగిలిన సుబక్‌లు వేరే వంతులో నాటుతాయి కాబట్టి నీరూ సరిపోతుంది. ఎగువ రైతుకు నీటి కొరత ఉండదు. అయినా దిగువవారి మాట ఎందుకు వింటాడంటే, దిగువ పొలాల పురుగు తన పొలానికి రాకూడదు కనుక.

1970 దశకంలో ప్రభుత్వం అధిక దిగుబడి వంగడాలు ఇచ్చి, గుడి వరుసతో పనిలేకుండా వీలైనన్ని పంటలు వేయమని రైతులకు చెప్పింది. మొదట దిగుబడి పెరిగింది. కొన్నేళ్ళకే నీటి తగాదాలు వచ్చాయి, దోమపోటు పొలాలను తినేసింది. మందులు కొట్టినా ఆగలేదు. స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త తన సహచరుడితో కలిసి ఈ పద్ధతిని కంప్యూటరుతో లెక్కకట్టి, జలదేవాలయాల వరుసే మంచి ఫలితమిస్తుందని చూపాడు. రైతులు పాత వరుసకు తిరిగి వచ్చారు. 2012లో యునెస్కో సుబక్ పొలాలను, వాటి గుళ్ళను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కొండలు దిగి మన జంట దక్షిణ తీరానికి వచ్చారు. నూసా దువా అనే చోట 1970 దశకంలో ప్రపంచ బ్యాంకు సహాయంతో రిసార్టుల కోసమే ఒక ప్రాంతాన్ని సిద్ధం చేశారు. నీరు లేని మెట్టనేల కాబట్టి వరిపొలాలు పోవన్నది అప్పటి ఆలోచన. అది మంచి ఆలోచనే. అయితే రిసార్టులు అక్కడ ఆగలేదు. 1993, 94 సంవత్సరాల్లో తానా లోత్ అనే సముద్రతీర గుడి దగ్గర వరిపొలాల్లో గోల్ఫ్ మైదానంతో కూడిన రిసార్టు తలపెట్టినప్పుడు బాలి ప్రజలు పెద్ద ఎత్తున వ్యతిరేకించారు. గుళ్ళ చుట్టూ ఎంత దూరం వరకు కట్టడాలు ఉండకూడదో 1994లో అక్కడి హిందూ పెద్దల సభ ప్రకటించింది. మార్పులతో ఆ రిసార్టు కట్టారు.

2024లో బాలికి 60 లక్షలకు పైగా విదేశీయులు వచ్చారు. ఎక్కువమంది వచ్చే జూలై, ఆగస్టు నెలలు అక్కడ వానలు లేని కాలం. అంటే పొలానికి, గదికి నీరు ఒకేసారి కావాలి. దక్షిణ తీరంలో బోర్లు లోతుకు తోడేకొద్దీ సముద్రపు ఉప్పునీరు భూమిలోకి చొరబడుతోంది. కోనసీమ, దివిసీమ తీర గ్రామాలవారికి ఉప్పుబోరు అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

పర్యాటకులు రాకుండా ఉంటే మంచిదని దీని అర్థమా? అలా అనడం తొందరపాటు. 2002 అక్టోబరు 12న కుటా ప్రాంతంలో బాంబులు పేలి 202 మంది మరణించినప్పుడు, మళ్ళీ 2020లో కోవిడ్ వచ్చినప్పుడు గదులు ఖాళీ అయ్యాయి. గదులు ఊడ్చేవారు, కారు నడిపేవారు, వంటవారు పని పోగొట్టుకున్నారు. కొందరు తండ్రి పొలానికి తిరిగి వెళ్ళారు. పొలం అమ్ముకున్నవారికి ఆ దారి కూడా లేదు. 2024 ఫిబ్రవరి 14 నుంచి వచ్చే ప్రతి విదేశీయుడి నుంచి 1,50,000 రూపాయలు, అంటే ఇండోనేషియా రూపాయలు, సంస్కృతి, ప్రకృతి పరిరక్షణ కోసమని వసూలు చేస్తున్నారు. కంగారు పడకండి. మన డబ్బులో అది వెయ్యి రూపాయలకు అటూ ఇటూ.

మార్చి నెల ప్రాంతంలో వెళ్ళేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. బాలివారి శక సంవత్సరాది పేరు న్యెపి. కొన్ని ఏళ్ళలో మన ఉగాది రోజునే వస్తుంది. 2023లో రెండూ మార్చి 22నే వచ్చాయి. మనం ఆ రోజు పచ్చడి తిని పంచాంగం వింటాం. వారు దీపం పెట్టరు, పొయ్యి వెలిగించరు, పని చేయరు, గడప దాటరు. విమానాశ్రయాన్ని కూడా 24 గంటలు మూస్తారు. పర్యాటకులు సైతం హోటలు ఆవరణ దాటి బయటకు రాకూడదు. మన జంట అదే రోజున అక్కడ ఉంటే, సముద్రతీరపు గదికి డబ్బు కట్టి కూడా తీరం మీదకు వెళ్ళలేరు. దీవి అంతా చీకటి. వాహనాల రొద ఉండదు. దూరంగా అలల చప్పుడు మాత్రం గదిలోకి వినబడుతుంది.

మీరు చేయవలసిన పని: మీ ఇంట్లో ఒక రోజుకు ఎన్ని బిందెల నీరు వాడుతున్నారో మూడు రోజులు లెక్క రాయండి. మీ దగ్గరలోని హోటలు లేదా లాడ్జిలో పనిచేసే ఒకరిని కలిసి, ఒక గదికి రోజుకు ఎంత నీరు పడుతుందో, ఆ నీరు ఎక్కడినుంచి వస్తుందో అడగండి. రెండు లెక్కలనూ పక్కపక్కన రాసి, తరువాతి సంపర్క తరగతికి తీసుకురండి.