దగ్గరి దారికి తాళం
ఢిల్లీ-లండన్ మధ్య దూరం మారలేదు. పాకిస్తాన్ గగనతలం మూతపడినప్పుడల్లా ప్రయాణ సమయం మాత్రం పెరుగుతోంది

ఢిల్లీ నుంచి లండన్‌కు ఆకాశ మార్గంలో దూరం సుమారు 6,700 కి.మీ. మామూలు రోజుల్లో తొమ్మిది గంటల ప్రయాణం. అయితే ఈ లెక్క వెనక ఓ షరతు ఉంది: పాకిస్తాన్ మీదుగా వెళ్లే దారి తెరిచి ఉండాలి. 2025 ఏప్రిల్ 24న ఆ దారి మరోసారి మూతపడింది. పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టనబెట్టుకున్న రెండు రోజులకు, భారత్ సింధు జలాల ఒప్పందాన్ని పక్కనపెట్టిన మరునాడే పాకిస్తాన్ తన గగనతలంలోకి భారత విమానాలు రాకుండా నిషేధించింది. ఆ నెల 30న భారత్ కూడా అదే పని చేసింది.

దెబ్బ ఎక్కువగా ఢిల్లీకే తగలడానికి కారణం భూగోళంలోనే ఉంది. భూమి గుండ్రంగా ఉండటంతో రెండు నగరాల మధ్య అతి దగ్గరి దారి మ్యాపు మీద వంపు తిరిగి కనిపిస్తుంది. ఢిల్లీ నుంచి ఐరోపాకు ఆ వంపు వాయవ్యంగా, లాహోర్ దిక్కుగా సాగుతుంది. ఆ దారి లేకపోతే విమానం నైరుతికి మళ్లి, గుజరాత్ దాటి, అరేబియా సముద్రం మీదుగా గల్ఫ్ వైపు వెళ్లాలి. అందుకు అదనంగా గంట, గంటన్నర పడుతుంది. సముద్రం పక్కనే ఉన్న ముంబైకి ఈ బాధ తక్కువ. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వచ్చి భారతీయ సంస్థల విమానాల్లో విదేశాలకు వెళ్లే తెలుగువారికి మాత్రం చుట్టుదారి తప్పదు.

పెరిగేది సమయం ఒక్కటే కాదు. అదనపు ఇంధనం మోయడానికి కూడా ఇంధనమే ఖర్చవుతుంది. బరువు పెరిగితే సరకును, ప్రయాణికులను తగ్గించుకోవాలి, లేదా మధ్యలో దిగాలి. 2025లో అమెరికా నుంచి ఢిల్లీ వచ్చే ఎయిర్ ఇండియా విమానాలు వియన్నా, కోపెన్‌హేగన్‌లలో ఇంధనం నింపుకున్నాయి. ఆల్మటీ, తాష్కెంట్‌లు తన విమానాలకు అందనంత దూరమవడంతో ఇండిగో ఆ సర్వీసులు ఆపేసింది. నిషేధం ఏడాది పాటు సాగితే 60 కోట్ల డాలర్ల భారం పడుతుందని ఎయిర్ ఇండియా కేంద్రానికి విన్నవించింది. అదే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసును నిలిపేస్తూ విమానాల కొరతతో పాటు గగనతల నిషేధాన్నీ కారణంగా చూపింది. ఈ నిషేధం విదేశీ సంస్థలకు వర్తించదు. ఒకే ఊరికి బయల్దేరినా వాటికి దగ్గరి దారి, మనవాటికి దూరపు దారి.

ఐరోపాకూ ఈ చేదు తెలుసు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా దారి మూసేయడంతో, ఫిన్ఎయిర్‌కు తొమ్మిదిన్నర గంటలు పట్టే హెల్సింకి-టోక్యో ప్రయాణం 13 గంటలైంది.

మూసినవారికీ లాభమేమీ లేదు. బాలాకోట్ దాడి తర్వాత 2019 ఫిబ్రవరి 27 నుంచి జులై 16 వరకు పాకిస్తాన్ దారి మూసినప్పుడు, జులై 2 నాటికే ఎయిర్ ఇండియా రూ.491 కోట్లు నష్టపోయిందని నాటి విమానయాన మంత్రి హర్‌దీప్ సింగ్ పురి రాజ్యసభకు తెలిపారు. తమ దేశం కూడా 850 కోట్ల పాక్ రూపాయలు పోగొట్టుకుందని అక్కడి మంత్రి గులాం సర్వర్ ఖాన్ ఒప్పుకున్నారు. ఆ లెక్కలు తెలిసి కూడా 2025లో రెండు దేశాలూ మళ్లీ అదే తాళం వేశాయి, గడువు ముగిసినప్పుడల్లా మరో నెల పొడిగిస్తూ పోయాయి.