ఇల్లు కొనేముందు: బయానా ఇవ్వకముందే చూడవలసినవి

ఆదివారం నమూనా ఫ్లాటు చూడడానికి వెళ్ళిన కుటుంబం దృష్టిని మొదట ఆకట్టుకునేవి నేలపై పరిచిన టైల్సు, వంటగది అరలు, బాల్కనీలోని గాలి, వెలుతురు. గంట గడిచేసరికి మాటలు ధర మీదికి, ఆ తరువాత "ఈ రోజే టోకెన్ ఇస్తేనే ఈ రేటు" అన్న ఒత్తిడి మీదికి వస్తాయి. నిజానికి చేయవలసిన పరిశీలన అంతా ఆ బయానా చేతులు మారకముందే పూర్తి కావాలి. సొమ్ము చెల్లించిన తరువాత బయటపడే లోపాలకు చట్టంలో పరిష్కారాలు లేకపోలేదు. అయితే అవి లభించేవరకు ఒకవైపు ఇంటి అద్దె, మరోవైపు బ్యాంకు వాయిదా భరించడం మధ్యతరగతి కుటుంబానికి తేలిక కాదు.

రిజిస్ట్రేషన్ పూర్తయితే ఆస్తి తమదైపోయినట్లేనని చాలామంది భావిస్తారు. ఇది సరికాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద ప్రభుత్వం నమోదు చేసేది దస్తావేజును మాత్రమే. యాజమాన్య హక్కుకు అది హామీ ఇవ్వదు. అమ్మినవారికి హక్కు ఉంటేనే అది కొన్నవారికి సంక్రమిస్తుంది. అందుకే ముప్పై ఏళ్ళ వెనుకటి వరకు లింకు దస్తావేజులను వరుసగా చూడడం న్యాయవాదుల ఆనవాయితీ. ఆస్తిపై నమోదైన విక్రయాలు, తనఖాలు ఈసీలో కనిపిస్తాయి. కానీ నమోదు కాని ఒప్పందాలు, వారసుల మధ్య పంపకాల తగాదాలు, కోర్టుల్లో నడుస్తున్న దావాలు అందులో కనిపించకపోవచ్చు. కేవలం జీపీఏ ఆధారంగా సాగే అమ్మకాలతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉన్నదీ లేనిదీ రెండు తెలుగు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు. బ్యాంకు రుణం ఇస్తోంది కాబట్టి పత్రాలన్నీ సక్రమమేననుకునే ధోరణి కూడా ఉంది. బ్యాంకు న్యాయవాది చూసేది బ్యాంకు ప్రయోజనాన్ని. కొనేవారి తరఫున చూడడానికి మరొక న్యాయవాది ఉండాలి. ఆయనకిచ్చే ఫీజు ఇంటి ధరతో పోలిస్తే ఎంతో స్వల్పం.

పత్రాల తరువాత చూడవలసింది నీరు. హైదరాబాద్ చెరువుల నగరం. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్ల మేర నిర్మాణాలు చేపట్టరాదని నిబంధన. 2024లో హైడ్రా ఏర్పాటైన తరువాత సాగిన కూల్చివేతలు ఈ హద్దుల ప్రశ్నను ప్రతి కొనుగోలుదారు ముందుకూ తెచ్చాయి. కాగితంపై హద్దులు సరిగానే ఉన్నా నీరు తన దారిని మరచిపోదు. 2020 అక్టోబరు వర్షాలకు హైదరాబాద్‌లో చెరువుల దిగువనున్న కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. కనుక ఇంటిని ఒకసారైనా వానాకాలంలో చూడాలి. వీధి చివరి టీ దుకాణం యజమానిని అడిగితే నీరు ఎంతవరకు వచ్చిందో చెయ్యెత్తి చూపిస్తాడు. వేసవిలో నెలకు ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తున్నారన్నది అక్కడే నివసిస్తున్నవారిని అడగాలి.

నిర్మాణంలో ఉన్న ఫ్లాటు విషయంలో 2016 నాటి రెరా చట్టం కొనుగోలుదారుకు గట్టి అండ. స్థలం 500 చదరపు మీటర్లు లేదా ఫ్లాట్లు ఎనిమిది మించితే ప్రాజెక్టును రెరాలో నమోదు చేయవలసిందే. నమోదుకు ముందు ప్రకటనలివ్వడం, బుకింగ్‌లు తీసుకోవడం చట్టవిరుద్ధం. తక్కువ ధర ఆశచూపే "ప్రీలాంచ్" పథకాలను ఈ దృష్టితోనే చూడాలి. అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డరు వసూలు చేయరాదు.

ధర లెక్క కూడా కార్పెట్ ఏరియా మీదనే వేసుకోవాలి. ఉదాహరణకు 1,500 చదరపు అడుగుల సూపర్ బిల్టప్ ఫ్లాటు, అడుగు 6,000 రూపాయల చొప్పున 90 లక్షలు అనుకుందాం. గోడల లోపల వాడుకోగల స్థలం 1,050 అడుగులే అయితే అసలు రేటు దాదాపు 8,570 రూపాయలు. రిజర్వు బ్యాంకు నిబంధనల మేరకు ఈ ఇంటికి 80 శాతం, అంటే 72 లక్షల వరకు రుణం రావచ్చు. మిగిలిన 18 లక్షలకు నిర్మాణంలోని ఫ్లాటుపై 5 శాతం జీఎస్టీ నాలుగున్నర లక్షలు, తెలంగాణలో 7.5 శాతం స్టాంపు, రిజిస్ట్రేషన్ రుసుములు ఆరు లక్షల డెబ్భై అయిదు వేలు తోడవుతాయి. వెరసి 29 లక్షల పైచిలుకు సొంతంగా సిద్ధం చేసుకోవాలి. ఫ్యాన్లు, అల్మారాలు, పాలు పొంగించే ఖర్చు దీనికి అదనం. నిర్మాణం పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చిన తరువాత కొనే ఫ్లాటుకు జీఎస్టీ వర్తించదు.

అంతగా ప్రచారంలో లేని మరొక విషయం. అనుమతికి విరుద్ధంగా కట్టకుండా ఉండేందుకు బిల్డరు నిర్మిత విస్తీర్ణంలో పదో వంతును స్థానిక సంస్థకు తనఖా పెడతాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. మనకు చూపుతున్న ఫ్లాటు ఆ పదో వంతులో ఉన్నదేమో ముందే తేల్చుకోవాలి. ఆ సర్టిఫికెట్ లేని భవనంలో గృహప్రవేశానికి తొందరపడరాదు. మంజూరైన ప్లానులో అయిదు అంతస్తులుండి కళ్ళెదుట ఆరు కనిపిస్తే, ఆ ఆరో అంతస్తులో ఎంత చవకగా ఇచ్చినా కొనరాదు.

తాళాలు చేతికి వచ్చిన నాటి నుంచి అయిదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడి, దానిని బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయడం ఆయన బాధ్యత. ఫిర్యాదును ఫోనులో కాక రాతపూర్వకంగా, పగుళ్ళ ఫొటోలు జతచేసి, తేదీ వేసి ఇవ్వాలి.