న్యాయవిద్యకు ఏ విశ్వవిద్యాలయము?

ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడినది మొదలు మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల గృహస్థుల నోట ఒక ప్రశ్న తరచుగ వినవచ్చుచుండును. పిల్లవానిని న్యాయశాస్త్రము చదివింప దలచితిమి, ఎచ్చటికి పంపవలెను? కుప్పమువారికి రైలెక్కిన బెంగుళూరు దగ్గర. మదనపల్లెవారికి తిరుపతిపై చూపు. పొలము తాకట్టు పెట్టియైనను పెద్దపేరుగల చోటికే పంపవలెనను వారొక ప్రక్క. ఎచ్చటనో పేరు వ్రాయించి పట్టా చేతబట్టిన జాలునను వారు మరియొక ప్రక్క. ఈ రెండు త్రోవలును అపాయకరములే యని మా యభిప్రాయము.

మదనపల్లె టమాటా మండీకి వచ్చు వర్తకుడు పెట్టె పైవరుస జూచి ధర పలుకడు. అడుగువరుస తడవి చూచును. రెండు మూడు దినములలో చెడిపోవు కాయలకే యింత పరీక్ష చేయువారము, బిడ్డ జీవితములో మూడేండ్లో అయిదేండ్లో వెచ్చింపబోవు విద్య విషయమున గోడమీది ప్రకటన జూచి తృప్తి పడుట తగునా?

మొదట చట్టమేమనుచున్నదో తెలియవలెను. 1961వ సంవత్సరపు అడ్వకేట్ల చట్టము ననుసరించి, భారత బారు కౌన్సిలు అంగీకరించిన పట్టా గలవాడే న్యాయవాదిగ నమోదు కాగలడు. కౌన్సిలువారి 2008 నాటి నియమములు రెండు మార్గములను మాత్రమే చూపుచున్నవి: ఇంటర్మీడియేటు పిమ్మట అయిదేండ్ల చదువు, లేదా బి.ఏ. వంటి పట్టా పిమ్మట మూడేండ్ల చదువు. ప్రవేశమునకు సామాన్యముగ నూటికి 45, షెడ్యూల్డు కులములకు, తెగలకు 40 మార్కులు తక్కువ లేకుండ రావలెను. ప్రతి విషయమునందును నూటికి 70 వంతుల హాజరు ఉండితీరవలెను. తపాలా మూలమున చదివి తెచ్చుకొన్న న్యాయపట్టా న్యాయస్థానమున నిలువదు. పట్టా చేతికి వచ్చిన తరువాత 2010లో ఏర్పరచిన అఖిల భారత బారు పరీక్షయు నెగ్గవలయును. నమోదు రుసుము విషయమున సుప్రీముకోర్టు 2024 జూలైలో స్పష్టమైన తీర్పు నిచ్చినది: చట్టము విధించిన 750 రూపాయలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 125 రూపాయలకు మించి రాష్ట్ర బారు కౌన్సిళ్లు వసూలు చేయరాదు. అంతకు మించి యడిగిన యెడల కారణ మడుగు హక్కు ప్రతి పట్టభద్రునకు గలదు.

పట్టాకు గుర్తింపు ఎంత ముఖ్యమో మదనపల్లెవారికి చరిత్రయే నేర్పినది. 1915లో అనీ బెసెంటమ్మ అచ్చట నెలకొల్పిన కళాశాల, హోంరూలు ఉద్యమకాలమున మద్రాసు విశ్వవిద్యాలయముతోడి సంబంధమును కోల్పోయి, రవీంద్రనాథ టాగూరు అధ్యక్షుడుగనున్న అడయారు జాతీయ విశ్వవిద్యాలయమును ఆశ్రయించినది. 1919లో రవీంద్రుడు ఆ కళాశాలయందే బసచేసి తన జనగణమన గీతమును ఆంగ్లీకరించెను. ఆనాటి విద్యార్థులు గుర్తింపును వదలుకొన్నచో అది దేశముకొరకు, తెలిసి చేసిన త్యాగము. నేడు గుర్తింపు లేనిచోట చేరి మోసపోవుట త్యాగము గాదు, అజాగ్రత్త మాత్రమే. కావున చేరక పూర్వమే, ఆ కళాశాలకు ఆ సంవత్సరమునకు బారు కౌన్సిలు అనుమతి యున్నదా యని వ్రాతమూలకముగ నిర్ధారణ చేసికొనవలెను. ‘దరఖాస్తు పెట్టినాము, వచ్చును’ అను మాటను నమ్మి రుసుము చెల్లింపరాదు.

ఇక జాతీయ న్యాయ విశ్వవిద్యాలయముల సంగతి. 1986 నాటి శాసనముచే బెంగుళూరునందును, 1998లో హైదరాబాదునందును, 2008లో విశాఖపట్టణమునందును ఏర్పడినవి ప్రఖ్యాతములు. విశాఖలోని సంస్థ దామోదరం సంజీవయ్యగారి పేర నడచుచున్నది. వీనియందు అయిదేండ్ల చదువునకు ప్రవేశము ‘క్లాట్’ అను పరీక్షవలన గలుగును. ఆ పరీక్ష ఆంగ్లమందే జరుగును. దీర్ఘములైన ఆంగ్ల ఖండికలను చదివి రెండు గంటలలో 120 ప్రశ్నలకు సమాధానములు గుర్తింపవలెను. పదవ తరగతి వరకు తెలుగున చదివిన పల్లెటూరి బాలుడు తెలివితేటలలో ఎవ్వనికి తీసిపోకున్నను, ఈ పరీక్షలో వెనుకబడుట మనమెరిగినదే. రుసుము, భోజన వసతులు గలిపి సంవత్సరమునకు లక్షలలో తేలును. తగిన స్థానము సంపాదించి, స్కాలరుషిప్పో స్తోమతో గలవాడు నిస్సంశయముగ పోవచ్చును. కాని నీటి వసతిగల యెకరములను విక్రయించి పంపువారికి ఒక మాట చెప్పక తప్పదు: అప్పుతో చదివిన యువకుడు ఆ యప్పు తీర్చుటకై మహానగరములలోని పెద్ద కంపెనీల కొలువు వెదకుకొనునే గాని, పుంగనూరు మునసబు కోర్టున పేదరైతు వకాలత్తు పుచ్చుకొనుటకు తిరిగి రాడు. ఆవు యోగ్యతను ఎత్తుచూచి నిర్ణయింపరాదని పుంగనూరువారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు గదా!

రెండవ త్రోవ మన రాష్ట్ర విశ్వవిద్యాలయములు. వీనికి లాసెట్ పరీక్ష ద్వారము. అందును ప్రశ్నలు 120, కాలము గంటన్నర, ప్రశ్నపత్రము తెలుగునను ఆంగ్లమునను ఉండును. తిరుపతియందు 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునందు న్యాయశాస్త్ర శాఖ గలదు. ఆడపిల్లలకై అచ్చటనే 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునందును న్యాయవిద్య గరపుచున్నారు. కుమార్తెను దూరదేశము పంపజాలమను సాకు తిరుపతి విషయమున చెల్లదు. ఆస్తిహక్కు కాగితముమీద లభించియు చేతికి అందని స్త్రీలు మన పల్లెలలో ఎందరో గలరు. వారి గోడు విని వాదింపగల స్త్రీలు న్యాయవాదులు కావలసి యున్నది.

ఇచ్చట కుప్పమువారు గమనింపవలసిన సూక్ష్మమొకటి గలదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి రాష్ట్ర విశ్వవిద్యాలయములలో నూటికి 85 స్థానములు ఆ ప్రాంతపు స్థానికులకు ప్రత్యేకింపబడినవి. అర్హతపరీక్షతో ముగియు నాలుగు విద్యాసంవత్సరములును వరుసగా ఈ ప్రాంతమున చదివినవాడు స్థానికుడగుట సామాన్య నియమము. మూడు రాష్ట్రములు గలియు చోట నివసించు వారు సరిహద్దు దాటి హోసూరుననో బెంగుళూరుననో పిల్లలను చదివించుట పరిపాటి. అట్లు చదివించువారు, రేపు తిరుపతిలో స్థానము గోరునప్పుడు ఈ లెక్క తమకు అడ్డు వచ్చునో రాదో ముందుగనే విచారించుకొనుట మేలు. మరియు, ఇంటిముంగిట విశ్వవిద్యాలయ మున్నంతమాత్రమున అన్ని విద్యలకును అదియే తగిన చోటు గాదు. కుప్పములోని ద్రావిడ విశ్వవిద్యాలయము 1997లో ముఖ్యముగ ద్రావిడ భాషా సంస్కృతుల అధ్యయనమునకై నెలకొన్నది. ఏ విద్యకు ఏది నిలయమో చూచి పోవలెను.

అసలు ప్రశ్న వేరొకటి యున్నది. మీ బిడ్డ ఎచ్చట, ఎవరికొరకు వాదింపబోవుచున్నాడు? హైకోర్టునందును సుప్రీముకోర్టునందును వ్యవహారము ఆంగ్లమున నడుచునని రాజ్యాంగపు 348వ అధికరణము విధించుచున్నది. కాని కక్షిదారుని నోట వచ్చునది తెలుగు. సాక్షి చెప్పునది తెలుగు. అడంగలు, పట్టా, భాగపరిష్కార పత్రము తెలుగు. గట్టు తగవు, చెరువు నీటి వాటా, దారి హక్కు, అన్నదమ్ముల పంపకము, ఇవియే మన సీమలో కోర్టుకెక్కు వ్యాజ్యములు. 2024 జూలైలో మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయమున నిప్పంటుకొని భూములకు సంబంధించిన దస్త్రములు కాలిపోయిన వార్త విని ఎందరు రైతులు తమ పెట్టెలలోని పాత కాగితములను తీసి చూచికొని యుందురో! 2022 నాటి భూమిహక్కుల చట్టము 2023 అక్టోబరు చివర అమలునకు వచ్చుటయు, 2024లో రద్దగుటయు మన కన్నులయెదుటనే జరిగినవి. ఇట్టి మార్పుల నడుమ, పాత దస్తావేజు చదివి, క్రొత్త చట్టము నన్వయించి, రైతునకు తెలియునట్లు చెప్పగల న్యాయవాది గ్రామమునకు వైద్యునివలె అవసరము. ఆంగ్లముమాత్రమే వచ్చినవాడు ఈ పని చేయలేడు. ఆంగ్లము రానివాడును పైకోర్టున ఈ పని పూర్తి చేయలేడు. రెండు భాషలందును పదును పెట్టు విద్యాలయమే మనకు గావలసినది.

ఆ విద్యాలయము నెట్లు గుర్తింపవలెను? పనిదినమున, ముందు తెలుపక, పోయి చూడుడు. తరగతిలో విద్యార్థు లున్నారా? అధ్యాపకులు నిత్యము వచ్చువారా, పరీక్షల ముందు మాత్రమే కనుపించువారా? గ్రంథాలయమున పుస్తకము తీసి చూడుడు. 1860 నాటి శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయసంహితయు, దానితోపాటు మరి రెండు క్రొత్త సంహితలును 2024 జూలై 1వ తేదీన అమలునకు వచ్చినవి. నేటికిని పాత పుస్తకములే బీరువాలో నున్నచో ఆ కళాశాల ఏమి బోధించుచున్నదో తెలియుచునే యున్నది. నమూనా న్యాయస్థానము నెలకెన్నిసార్లు నడుచునో, పిల్లలను నిజమైన కోర్టులకు తీసికొనిపోవుదురో లేదో అడుగుడు. మొదటి సంవత్సరపు రుసుము గాక చదువు ముగియువరకు అగు మొత్తమెంతయో కాగితముపై వ్రాయించుకొనుడు. నిరుడు పట్టా పుచ్చుకొన్నవారిలో బారు పరీక్ష నెందరు నెగ్గిరో విచారింపుడు. ‘మీవాడు రానక్కరలేదు, హాజరు మేము చూచికొందుము’ అని ఎవరైన అభయమిచ్చిన యెడల, మారుమాటాడక వెనుకకు మరలుడు. హాజరును అమ్ముకొను చోట న్యాయమును నేర్చుట ఎట్లు?

పిల్లవాని మాటయు వినవలెను. కోర్టు మెట్లమీద గంటలతరబడి వేచియుండు ఓర్పు, చదువుటయందు ఆసక్తి, మాటయందు సత్యము, ఇవి లేనివానికి ఏ విశ్వవిద్యాలయమును ఏమియు చేయజాలదు. టంగుటూరి ప్రకాశంగారు రాజమహేంద్రవరమున ప్లీడరుగ పేరుగాంచి, పిమ్మట సీమకు బోయి బారిష్టరై వచ్చి, మద్రాసున పెద్ద ఆర్జన జేసిరి. 1921లో ఆ వృత్తిని దేశముకొరకు విడిచిరి. వారిని ప్రజలు తలచుకొనునది చదివిన చోటును బట్టి గాదు.

కావున మా సలహా యిది. అర్హతయు వసతియు గలవారు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములకు పోవుదురు గాక. తక్కినవారు భూమి నమ్మక, తిరుపతివంటి సమీప విశ్వవిద్యాలయమున చేరి, సెలవులలో మదనపల్లెననో చిత్తూరుననో అనుభవజ్ఞుడగు న్యాయవాది యొద్ద దస్త్రములు చదువుట నేర్తురు గాక. మూడవ త్రోవయగు చదువులేని పట్టాను మాత్రము కన్నెత్తి చూడకుందురు గాక. చెడ్డ న్యాయవాది వలన నష్టపోవునది వాని తండ్రి సొమ్ము మాత్రమే గాదు. వానిని నమ్మి కాగితములు చేతికిచ్చిన రైతు పొలముకూడ.